సాధన చేసిన తప్పు

మా తమ్ముడికి సహజంగా ఉండటం నేర్పడానికి మేము ఒక మనిషిని పెట్టుకున్నాం. ఈ మాట రాస్తుంటే నాకే ఒళ్ళు మండుతోంది, కానీ జరిగింది అదే. ఈత నేర్పేవాళ్ళుంటారు, కారు నడపడం నేర్పేవాళ్ళుంటారు. మీసాలూ గడ్డాలూ వచ్చిన మగవాడికి తనలా తాను ఉండటం ఎలాగో నేర్పేవాళ్ళు కూడా ఉంటారని, వాళ్ళకి అద్దాల గదుల ఆఫీసుంటుందని, ముందుగా టైము అడిగి మరీ వెళ్ళాలని నాకు అప్పుడే తెలిసింది.

తమ్ముడు ఫ్లూట్ వాయిస్తాడు. నేను పియానో. అంటే వాడి వెనక కూర్చుని, వాడు ఊపిరి తీసుకునే చోట ఎవరికీ తెలియకుండా కాస్త ఆగి, వాడిని ముందుకు పంపిస్తుంటాను. మిగతా వేళల్లో పిల్లలకి పాఠాలు చెబుతాను. మా ఇద్దరికీ సంగీతం నేర్పింది అమ్మ. అమ్మ వయసులో ఉన్నప్పుడు ఒక నాటకాల కంపెనీ వాద్యబృందంలో ఫ్లూట్ వాయించేది. స్టేజీ ముందు గొయ్యి లాంటి చోట కూర్చోబెట్టేవారట, తలెత్తితే నటుల చెప్పులు తప్ప ఇంకేమీ కనబడేవి కావట. ఆ గోతిలో కూర్చునే, నాటకంలో మాటలు నడిచే సమయంలో, ఫ్లూట్‌కీ పియానోకీ కలిపి ఒక చిన్న సంగీతపు ముక్క కట్టుకుంది. నిదానంగా నడిచే ముక్క. దాన్ని ఎక్కడా వాయించలేదు, ఎవరూ అడగలేదు. ఇప్పుడు అమ్మ ఊపిరితిత్తులు బాగాలేవు. మెట్లెక్కితే ఆయాసం.

ఆ ముక్కని పెద్ద హాల్లో తను స్టేజీ మీద నిలబడి వాయించాలి, అమ్మ కింద ముందు వరసలో కూర్చుని వినాలి. ఇదీ తమ్ముడి కోరిక. వాడికున్న మంచి ఆలోచన అదొక్కటే. మిగతావన్నీ ఎలాంటివో మీరే చూస్తారు.

పెద్ద హాలు మేనేజర్ దగ్గరికి ఇద్దరమూ వెళ్ళాం. ఆయన ఫ్లూట్ పెట్టె వైపు కూడా చూడలేదు.

"ఫోన్లో మిమ్మల్ని ఎంతమంది ఫాలో అవుతున్నారు?" అన్నాడు.

తమ్ముడు వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. వాడిని ఫాలో అయ్యేది నేను, నా దగ్గర పాఠాలు నేర్చుకునే పిల్లల తల్లులు, మా పళ్ళ డాక్టరు.

"చాలా బాగా వాయిస్తాడండీ" అన్నాను.

"బాగా వాయించేవాళ్ళకేం తక్కువమ్మా. నాకు కుర్చీలు నింపేవాళ్ళు కావాలి."

అందులో అబద్ధం లేదు. అందుకే ఇంకా ఎక్కువ కోపమొచ్చింది. ఆయన సొరుగు లాగి ఒక విజిటింగ్ కార్డు తీసిచ్చాడు. "మా తోడల్లుడు. కళాకారుల్ని జనానికి దగ్గర చేస్తాడు. ఓసారి కలవండి."

అలా మేము ఆ తోడల్లుడి ఆఫీసుకి వెళ్ళాం. గది గోడంతా పాతకాలపు ఎర్ర ఇటుకలు. దగ్గరికెళ్ళి గోటితో గీరి చూశాను. కాగితం. మూలనున్న మొక్క ఆకుల మీద దుమ్ము తుడిచే గుడ్డ ఒకటి వేలాడుతోంది, నీళ్ళ చెంబు మాత్రం లేదు. ఆయన ప్రతి వాక్యంలోనూ 'సహజం' అనే మాట వాడేవాడు కాబట్టి మేము ఇంట్లో ఆయనకి సహజం అనే పేరు పెట్టాం. అసలు పేరు ఇప్పటికీ గుర్తు రాదు.

"జనానికి మీ సంగీతం అక్కర్లేదు బ్రదర్. మీరు కావాలి. అసలైన మీరు" అన్నాడు సహజం.

"అసలైన నేను పొద్దున్నుంచీ సాయంత్రం దాకా సరిగమల స్కేల్సు వాయిస్తుంటానండీ" అన్నాడు తమ్ముడు పాపం, నిజాయితీగా.

"అదెవరు చూస్తారు? ఇంకాస్త అసలైన మీరు కావాలి. చూడండి, మీకు ఏడుపొస్తుందా?"

"దేనికి?"

"దేనికైనా."

తమ్ముడు నా వైపు చూశాడు. నేను కాగితపు ఇటుకల వైపు చూశాను.

ఆయన మాకు ఒక గిటారు కుర్రాడి వీడియో చూపించాడు. వాయిస్తుండగా తీగ తెగుతుంది, వాడు గిటారుని గుండెకి హత్తుకుని భోరుమంటాడు. లోకమంతా దాన్ని నెత్తిన పెట్టుకుందట. నేను రెండోసారి వెయ్యమన్నాను. నాకు కనబడింది ఏమిటంటే, తీగ ఇంకా తెగకముందే కెమెరా వాడి కళ్ళ దగ్గరికి జరుగుతోంది. ఆ మాటే అన్నాను.

"మేడమ్, మీరు మరీ పరీక్ష పేపరు దిద్దినట్టు చూస్తున్నారు" అని నవ్వేశాడు.

అప్పటినుంచి ఇంట్లో నా పని ఏమిటంటే, చొక్కా ఇస్త్రీ చెయ్యడం, తమ్ముడు దాన్ని నలిపి వేసుకోవడం. అసలు ఇస్త్రీ లేకుండా వేసుకుంటే మురికిగా కనబడుతుందట, ఇస్త్రీ చేసి నలిపితే సహజంగా ఉంటుందట. కిటికీ పక్కన కాఫీ కప్పు పెట్టాలి, అందులో కాఫీ ఉండకూడదు, వాడు తాగినట్టు పట్టుకోవాలి. పక్కింటి పిల్లిని అడిగి తెచ్చి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాడు. ఆ మొత్తం వ్యవహారంలో సహజంగా ప్రవర్తించింది ఆ పిల్లి ఒక్కటే, వాడి మణికట్టు గీరి పారిపోయింది. ఆ గీత బాగా పడిందని సహజం మెచ్చుకున్నాడు, కానీ ఏ లైటులో చూసినా సరిగ్గా కనబడలేదు.

ఏం చేసినా జనం రాలేదు. పళ్ళ డాక్టరు మాత్రం ప్రతిదానికీ బొటనవేలి లైకు కొట్టాడు.

చివరికి సహజం అడిగాడు. "మీరు ఎప్పుడైనా తప్పు వాయిస్తారా బ్రదర్?"

"వాయిస్తానండీ. ఎవరు వాయించరు?"

"భలే. అది తియ్యండి. జనం పొరపాట్లని ప్రేమిస్తారు."

"తప్పు ఎప్పుడొస్తుందో నాకెలా తెలుస్తుందండీ?"

"మనం డిసైడ్ చేద్దాం."

అమ్మ ముక్కని వినిపించమన్నాడు. తమ్ముడు అక్కడే నిలబడి వాయించాడు. సహజం కళ్ళు ఫోన్లోనే ఉన్నాయి, కానీ ఆ ముక్క చివర్లో ఒక చోట తల పైకెత్తాడు. ఆ చోటు గురించి చెప్పాలి. ఒకే ఊపిరి మీద స్వరాలు మెట్లెక్కుతూ పోతాయి, ఇక ఊపిరి అయిపోయింది, ఇక్కడితో దిగిపోతుంది అనుకునే చోట, ఇంకొక్క స్వరం, మెల్లగా, పైన. అంతే. దానికోసమే ముక్కంతా ఉంది. ఆ ఒక్క స్వరం గట్టిగా కాకుండా, పగలకుండా, అంత పైన నిలవడానికి అమ్మ వాడి చేత ఒక చలికాలమంతా సాధన చేయించింది.

"అదిగో, అక్కడ" అన్నాడు సహజం. "అక్కడ తప్పు రావాలి. అందరి గుండె పైకెళ్ళే చోటు అది. అక్కడ కీచుమనాలి. మీరు నవ్వేయాలి."

మనిషికి చెవి లేదనుకున్నాను ఇన్నాళ్ళూ. ఉంది. ఉండి చేస్తున్నాడు.

మా ఇంట్లో తప్పుకి ఒక పద్ధతుంది. వాయిస్తుంటే తప్పొచ్చిందనుకోండి, వెంటనే ఇంకోసారి వాయించి చూడకూడదు. వాయిద్యం ఒళ్ళో పెట్టుకోవాలి. ఆ వాక్యాన్ని, అంటే ఆ స్వరాల వరసని, నోటితో పాడాలి. నోట్లో సరిగ్గా వచ్చాక, అప్పుడే మళ్ళీ చేతికి తీసుకోవాలి. "తప్పు దారి చేతికి చూపించకండర్రా, మళ్ళీ అదే దారి పడుతుంది" అనేది అమ్మ. నేను పియానోని ఒళ్ళో పెట్టుకోలేను కాబట్టి చేతులు ఒళ్ళో పెట్టుకునేదాన్ని. చిన్నప్పుడు ఇదొక పెద్ద శిక్షలా ఉండేది. పక్క వాటాల పిల్లలు మేం సంగీతం మానేసి పాటలు పాడుకుంటున్నాం అనుకునేవారు.

కాబట్టి వీడియో తియ్యడం అమ్మ ఇంట్లో లేనప్పుడే. వారానికోసారి అమ్మ ఊపిరి వ్యాయామాలకి ఆస్పత్రికి వెళ్ళేది. అమ్మ ఎక్కిన కారు మలుపు తిరగగానే తమ్ముడు చొక్కా నలిపేవాడు. నేను ఫోన్‌ని స్టాండుకి తగిలించి పియానో దగ్గర కూర్చునేదాన్ని.

మొదటిరోజు పెద్ద చిక్కొచ్చిపడింది. వాడికి తప్పు రాలేదు. ఎన్నిసార్లు వాయించినా ఆ స్వరం చక్కగా వెళ్ళి పైన కూర్చుంటోంది. వేలు ముందే ఎత్తాలని వాడి బుర్రకి తెలుసు, వేలికి తెలియదు. బలవంతాన కీచుమనిపిస్తే అది దొంగ కీచులా ఉంది, నాకే తెలిసిపోతోంది. సహజం ఫోన్లో చూసి, నమ్మబుద్ధి కావడం లేదు బ్రదర్ అన్నాడు.

మా తమ్ముడికి ఏదైనా రాకపోతే ఏం చెయ్యాలో ఒక్కటే తెలుసు. సాధన. ఆ తప్పుని ముక్కలు చేశాడు. ముందు వేలు ఎత్తడం ఒక్కటే, నిదానంగా. తర్వాత పెదవి వదులు చెయ్యడం ఒక్కటే. తర్వాత రెండూ కలిపి నిదానంగా, ఆపైన అసలు వేగంలో. తర్వాత నవ్వు. నవ్వుతూ జుట్టులోకి చెయ్యి పోనివ్వడం. ఆ తర్వాత ఫోన్లోకి చూసి "అయ్యో, మళ్ళీ!" అనడం. అమ్మ నేర్పిన శ్రద్ధంతా దాని మీద పెట్టాడు. అంత పద్ధతిగా తప్పు నేర్చుకున్న మనిషిని నేనెక్కడా చూడలేదు.

"ఒరేయ్, అమ్మేం చెప్పేది? తప్పుని రెండోసారి వాయించొద్దని కదా" అన్నాను.

"ఇది తప్పు కాదక్కా. తప్పు లాంటిది."

"చేతికి ఆ తేడా తెలుస్తుందా?"

"నేనేమన్నా చిన్నపిల్లాడినా? ఫోన్ లేనప్పుడు సరిగ్గానే వాయిస్తున్నాగా!" అని, ఫోన్ ఆపేసి అక్కడికక్కడే వాయించి చూపించాడు. నిజమే, స్వరం నిక్షేపంలా ఉంది. నేను మళ్ళీ ఫోన్ ఆన్ చేశాను.

'మేమూ మనుషులమే' అని పేరు పెట్టి ఆ వీడియో వదిలారు. ఇంకేముంది, జనం విరగబడ్డారు. ఎంత నిజం! ఎంత నిరాడంబరం! మీ నవ్వు చూసి నా బాధలు మర్చిపోయాను! ఒకావిడ అయితే ఆ కీచు వింటే గానీ తనకి నిద్ర పట్టడం లేదని రాసింది. అమ్మ ముక్క ఎలా ఉందో ఒక్కరంటే ఒక్కరు మాట్లాడలేదు. వాళ్ళకి అది ఆ కీచు దగ్గరికి తీసుకెళ్ళే బస్సు, అంతే. పిల్లలు ఈలలతో ఆ కీచు అనుకరించారు. ఎవడో తలుపు బందులతో వినిపించాడు. నిజం చెప్పాలంటే తలుపు బాగా పలికింది.

ఒకటి చాల్లే అనుకున్నా. సహజం ఊరుకుంటేగా! కిటికీలో వాన పడుతుంటే ఆ తప్పు కావాలి. పొద్దుటి ఎండలో కావాలి. పార్కు బెంచీ మీద కావాలి. అమ్మ ఆస్పత్రికి వెళ్ళిన ప్రతిసారీ మేము తప్పు వాయించాం. ఫోన్ ముట్టని అమ్మకి ఇదేదీ తెలియదు. తమ్ముడికి కళ్ళు నెత్తికెక్కాయి. రోడ్డు మీద ఎవరైనా "అయ్యో, మళ్ళీ!" అని పిలిస్తే వెనక్కి తిరిగి చెయ్యూపడం మొదలుపెట్టాడు. పేరు పెట్టి పిలిచినట్టే.

హాలు మేనేజర్ తనే ఫోన్ చేశాడు. ఒక సాయంత్రం కచేరీ అంతా మీదే, ఏం వాయిస్తారో మీ ఇష్టం అన్నాడు. తమ్ముడు ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పరిగెత్తాడు.

"అమ్మా, నీ ముక్క! పెద్ద హాల్లో!"

అమ్మ కూరగాయల కత్తి పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంది. "నా ముక్కా? దాన్నెవరు వింటార్రా?" అంది. తర్వాత గదిలోకెళ్ళి బీరువాలో ఉన్న మంచి బట్టలన్నీ మంచం మీద పరిచి, ఏది కట్టుకోవాలో తేలక అన్నీ మళ్ళీ లోపల పెట్టేసింది. అమ్మ అలా తబ్బిబ్బు పడటం నేను చూడలేదు. ఆ రోజుకి సహజాన్ని కూడా మనసులో క్షమించేశాను. తొందరపడ్డాను.

కచేరీ ముందు రోజుల్లో ఇంట్లో అమ్మ ఎదుట ఆ ముక్కని వాయించాం. ఒక్కసారి కూడా ఆ స్వరం చెదరలేదు. ఫోన్ వాడి జేబులో ఉంది.

హాలు నిండిపోయింది. అమ్మ ముందు వరసలో మధ్య కుర్చీలో కూర్చుంది. వాయిస్తున్నప్పుడు నాకు తమ్ముడి వీపు, ఒక చెవి కనబడతాయి, మొహం కనబడదు. మొదట్లో వేరేవి వాయించాం. జనం దగ్గుతూ, ఓపిక పట్టుకుని విన్నారు. తర్వాత అమ్మ ముక్క మొదలైంది. మొదటి వాక్యానికే గుర్తుపట్టి చిన్న గోల చేశారు. తమ్ముడు దాన్ని పట్టించుకోలేదు. బాగా వాయిస్తున్నాడు, చాలా బాగా. చివరికొచ్చేసరికి ఊపిరి తీసుకున్నాడు, నేను ఆగాను, వాడు ఎక్కడం మొదలుపెట్టాడు.

అప్పుడు హాలంతా ఫోన్లు లేచాయి.

చీకట్లో వరసలు వరసలుగా, అన్నీ వాడి వైపు తిరిగి. వాడి చెయ్యి ఆ తప్పుని నేర్చుకున్నదే ఫోన్ ఎదురుగా. ఒక్క ఫోన్ ఎదురుగా. ఇప్పుడు ఇన్ని. వేలు ఎక్కడ ఎత్తాలో అక్కడ లేచిపోయింది, పెదవి వదులైంది, అమ్మ స్వరం ఉండాల్సిన చోట కీచుమంది. వాడు నవ్వాడు. జుట్టులోకి చెయ్యి పోనిచ్చాడు. "అయ్యో, మళ్ళీ!" అన్నాడు. ఆ మాట అన్నాక వాడి భుజాలు బిగుసుకుపోవడం వెనకనుంచి నాకు కనబడింది. వాడు అనాలని అనలేదు. నోరే అనేసింది.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఈలలు. ముక్క ఇంకా మిగిలే ఉంది, అది ఎవరికీ పట్టలేదు. ఆ గోలలోనే మిగతాది వాయించేశాం. ముందు వరసలో అమ్మ చప్పట్లు కొట్టలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

స్టేజీ వెనక గదిలో సహజం చంకలు గుద్దుకుంటున్నాడు. మేనేజర్ తమ్ముడి చెయ్యి పట్టుకుని వదలడం లేదు. "వచ్చే నెలా మీదే. ఆపై నెలా మీదే. ఆ కీచు మాత్రం ఉండాలి సుమండీ, జనం దానికోసమే వచ్చారు." అమ్మ స్టేజీ పక్క మెట్లన్నీ ఎక్కి, గోడ పట్టుకుని లోపలికొచ్చి, కుర్చీలో కూలబడింది. ఆయాసం తీరేదాకా అందరూ ఆగారు.

"అమ్మా, సారీ" అన్నాడు తమ్ముడు. "తప్పొచ్చేసింది."

"తప్పొస్తే ఏమైందిరా. ఆ గోతిలో కూర్చుని నేను బోలెడు తప్పులు వాయించాను." అమ్మ ఇంకోసారి ఊపిరి తీసుకుంది. "నీకు తప్పు రాకముందే నవ్వొచ్చింది. ముందు వరసలోంచి చక్కగా కనబడింది. తప్పింకా రాలేదు, నీ మొహంలో నవ్వు మొదలైంది. ఎందుకొచ్చిందిరా ఆ నవ్వు?"

తమ్ముడు జవాబు చెప్పకముందే సహజం ముందుకొచ్చాడు.

"అమ్మగారూ, అద్భుతం. ఆ మాట ఇంకొక్కసారి అంటారా? నేను ఫోన్ ఆన్ చెయ్యలేదు."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఏమన్నానో ఇక్కడ రాయను. ఆ హాల్లో నన్ను మళ్ళీ రానివ్వరు, అంతే చెబుతాను.

మర్నాడు తమ్ముడు నలగని చొక్కా వేసుకుని, గోడ ముందు నిలబడి, ఫోన్లోకి చూసి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆ తప్పు నిజంగా వచ్చింది కాదు, సాధన చేసింది. మా అమ్మ కట్టిన ముక్క అది, దాన్ని నేనే పాడుచేసుకున్నాను. నిన్న వచ్చిన తప్పు మాత్రం నిజం, నాకు దాన్ని ఎలా పోగొట్టుకోవాలో తెలియడం లేదు. అంతే. పోస్ట్ చేసి, తిట్లు పడతాయని దుప్పటి కప్పుకుని పడుకున్నాడు.

తిట్లా? నా తలకాయ్! హృదయం బొమ్మలు కురిశాయి. ఎంత నిజాయితీ! మీలాంటివాళ్ళు ఇంకా ఉన్నారా! కళ్ళు చెమర్చాయి! కీచుకి వచ్చినవాళ్ళకంటే దీనికి ఎక్కువమంది వచ్చారు. వాళ్ళని మోసం చేశామని చెబితే దాన్నీ కమ్మగా మింగి, ఇంకా ఉందా అన్నట్టు మూతి తుడుచుకున్నారు. సహజం ఫోన్ చేశాడు. తమ్ముడు స్పీకర్లో పెట్టాడు.

"ఇదే బ్రదర్! మొదట్నుంచీ నేను అడుగుతున్నది ఇదే! ఇలాంటిది వారానికొకటి కావాలి."

తమ్ముడు ఫోన్ దగ్గరికి వంగాడు. "వారానికో తప్పు ఒప్పుకోవాలంటే, వారానికో తప్పు చెయ్యాలి కదండీ?"

"అది మనం ప్లాన్ చేద్దాం."

తమ్ముడు ఫోన్ పెట్టేశాడు. మేనేజర్‌కి కూడా చెప్పేశాడు, ఆ కీచుతో అయితే తాను రానని. కీచు లేకపోతే తనకీ అక్కర్లేదని ఆయన తేల్చేశాడు. అలా పెద్ద హాలు పోయింది.

ఆ సాయంత్రం ఫోన్‌ని అటక మీద పడేద్దామని తమ్ముడు స్టూలు వేసుకున్నాడు. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

"దిగు" అంది. "దాన్ని తెచ్చి ఎదురుగా పెట్టు."

"అదే కదమ్మా నన్ను పాడుచేసింది."

"దాని మొహం. అదేం చేసిందిరా, కళ్ళప్పగించి చూసింది. తప్పు దాని ఎదుటే నేర్చుకున్నావుగా, దాని ఎదుటే వదిలించుకో. నా ఎదుట నువ్వు ఎప్పుడూ సరిగ్గానే వాయిస్తావు, దానివల్ల నాకేం లాభం?"

స్టాండు మళ్ళీ బయటికొచ్చింది. ఫోన్ ఆన్ చేశాను. తమ్ముడు ఎక్కడం మొదలుపెట్టాడు. ఆ చోటు ఇంకా రాలేదు, అమ్మ బల్ల మీద చేత్తో కొట్టింది.

"నవ్వొస్తోంది. ఒళ్ళో పెట్టు. పాడు."

పాడాడు. పాడుతుంటే కూడా పెదవి కొస పైకి లేస్తోంది. వాడికే తెలియడం లేదు. అమ్మ మళ్ళీ పాడమంది. మూడ్రోజుల్లో పోతుందనుకున్నాం. చలికోట్లు బయటికి తీశాం, మళ్ళీ మడిచి లోపల పెట్టాం, ఆ నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. నేర్చుకునేటప్పుడు ఎంత పద్ధతిగా నేర్చుకున్నాడో, పోయేటప్పుడు అది అంత మొండికేసింది.

ఒకరోజు తమ్ముడు అడిగాడు. "ఇవన్నీ ఫోన్లో ఉండిపోతున్నాయి. పెట్టనా?"

నేను వద్దందామని నోరు తెరిచాను. అమ్మ ముందే అనేసింది. "పెట్టుకో. కానీ ఆ రోజు ఏదొస్తే అదే. బాగా రాలేదని ఇంకోటి తీశావంటే మళ్ళీ నాటకం మొదలు."

అలా పెట్టడం మొదలుపెట్టాడు. పేరు లేదు, కాఫీ కప్పు లేదు. వాయించడం, ఆగిపోవడం, ఫ్లూట్ ఒళ్ళో పెట్టుకోవడం, పాడటం, బయటినుంచి అమ్మ దగ్గు. జనం చల్లగా జారుకున్నారు. కీచు లేకపోతే నిద్ర పట్టని ఆవిడ ముందుగా వెళ్ళింది, ఇప్పుడు ఎలా నిద్రపోతోందో ఏమో. మిగిలింది కొద్దిమంది, పళ్ళ డాక్టరుతో కలిపి. ఆ కొద్దిమందిలో ఒకావిడ ఎక్కడో వాద్యబృందంలో ఫ్లూట్ వాయిస్తుందట. ఎక్కబోయే ముందు కాకుండా దానికన్నా ఒక వాక్యం ముందే ఊపిరి నింపుకుని చూడండి, పెదవి కంగారు పడదు అని రాసింది. తమ్ముడు అలా వాయించి చూశాడు. అమ్మ తలుపు దాకా వచ్చింది.

"ఎవరు చెప్పార్రా అది?"

"ఫోన్లో ఒకావిడ."

"బుర్రుంది" అంది అమ్మ. ఆ ఫోన్ గురించి మా అమ్మ అన్న మొదటి మంచిమాట అది. ఆ వెధవ పెట్టెలో బుర్రున్నవాళ్ళు కూడా ఉంటారని నేను ఒప్పుకోవాల్సి వచ్చింది. ఏం చేస్తాం.

ఒక పొద్దున, ఫోన్ ఎదురుగా ఉండగా, తమ్ముడు ఊపిరి తీసుకున్నాడు, నేను ఆగాను, వాడు ఎక్కాడు. ఊపిరి అయిపోయిందనుకునే చోట ఇంకొక్క స్వరం, మెల్లగా, పైన. నిలబడింది. అమ్మ బల్ల మీద కొట్టలేదు. ముక్క చివరిదాకా వాయించాం. నాకు ఏడుపొచ్చింది. ఎవరూ తియ్యలేదు, ఫోన్ వాడి వైపుంది.

తర్వాత వంటింట్లో అమ్మని అడిగాను, అక్కడ వాడి మొహం ఎలా ఉందని.

"ఎలాగూ లేదే. వాయించేవాడి మొహంలా ఉంది" అంది. అని, కొంగుతో కళ్ళు ఒత్తుకుని, ఉల్లిపాయలు తరగడం లేదని గుర్తొచ్చి నన్ను కసిరింది.

ఆ వీడియోని కూడా వాడు మిగతావాటిలాగే పెట్టాడు. చూసినవాళ్ళు ఒక గది నిండుతారేమో, అదీ చిన్న గది. సాయంత్రానికి కింద ఒకే ఒక్క ప్రశ్న ఉంది, పాత అభిమాని ఎవరో. "ఇదివరకు అక్కడ భలే నవ్వేవారు కదండీ, ఎందుకు మానేశారు?"

తమ్ముడు పియానో మీద ఉన్న అమ్మ చేతిరాత స్వరాల కాగితం వైపు చూశాడు. నాకూ చూపించకుండా, అమ్మనీ అడక్కుండా, జవాబు టైపు చేశాడు.

"అక్కడ నవ్వు రాసి లేదండీ."